పైమిన్ కాదన్నాడు

సుతినా మిరపతోటలోకి పొద్దున్నే బుల్డోజర్ దిగింది. కాయలు అప్పుడప్పుడే ఎర్రబారుతున్నాయి. పోలీసులు చేతులు కట్టుకుని గట్టున నిలబడ్డారు, పెళ్ళి చూడ్డానికి వచ్చినట్టు. "ఎవరు రమ్మన్నారయ్యా మిమ్మల్ని?" అని సుతినా అడిగితే అధికారి కాగితం చూపించాడు. కొండరాయి క్వారీకి భూములిస్తామని అరవై రెండు సంతకాలు. పదకొండోది ఆమె మొగుడు పైమిన్‌ది.

"అది అన్నం పెట్టె కోసం పెట్టిన సంతకమే," అన్నాడు పైమిన్.

నిజమే. వాళ్ళ ఊరు వాతుగెడెలో మీటింగంటే వచ్చినవాళ్ళు పేరు రాసి అన్నం పెట్టె తీసుకుంటారు. పెట్టెలు చాలకపోతే ఊరిపెద్దకు తలవంపులని అలా లెక్క చూసుకుంటారు. ఆ హాజరు పట్టీకే ఊరిపెద్దా అధికారులూ పైన ఇంకో కాగితం కుట్టి ఊరి అంగీకారమన్నారు. తిన్న అన్నాన్ని కూడా అరగనివ్వని మనుషులు.

ఆ సాయంత్రం ప్రార్థన మందిరం వసారాలో ఊరంతా చేరింది. జోగ్జా పట్నంలో రాజనీతిశాస్త్రం చదువుతున్న సుతినా కూతురు వుర్యాని నోట్సు తెరిచింది.

"జనం ఒప్పుకుంటేనే పాలించేవాడికి అధికారమని మూడొందల ఏళ్ళ కింద ఒకాయన రాశాడు. కానీ రాజు దారిమీద నడిచినా ఒప్పుకున్నట్టేనని కూడా అన్నాడు."

"అయితే ఆయన మన ఊరిపెద్దకు మేనమామ అయ్యుంటాడు," అంది ముసలి గియెమ్. అందరూ నవ్వారు.

"ఆయనతో వాదించినవాళ్ళూ ఉన్నారవ్వా. భయంతో ఊరుకుంటే ఒప్పుకున్నట్టు కాదన్నారు. మోసం చేసేవాడి దగ్గర్నించి జనం అధికారాన్ని వెనక్కి తీసుకోవచ్చని మొదటాయనే రాశాడు."

"ఎట్లా తీసుకుంటారే?" పైమిన్ అడిగాడు.

"మొహం మీదే కాదనాలి నాన్నా."

నవ్వులు ఆగిపోయాయి. పెద్దలకు ఎదురుగా కాదనడం అక్కడ ఎవరికీ చేతకాదు. ఇష్టం లేకపోతే తలొంచుకుని ఊరుకుంటారు, అవతలివాడే తెలుసుకుంటాడని. ఆ మర్యాదే వాళ్ళ కొంప ముంచింది.

మర్నాడు అందరూ ఊరిపెద్ద ఆఫీసుకు వెళ్ళారు. యాభై ఎనిమిదేళ్ళలో ఎవరికీ ఎదురు చెప్పని పైమిన్ ముందు నిలబడ్డాడు.

"నేనొప్పుకోలేదు. నా భూమి ఇయ్యను," అన్నాడు.

వెనకవాళ్ళు నోరు తెరిచేలోగా లాఠీలు దిగాయి. అల్లరి రేపాడని పైమిన్‌ను జీపెక్కించారు. మూడోరోజు శవాన్ని పంపారు, గుండె ఆగిందని చెప్పి. స్నానం చేయిస్తూ సుతినా ఆ వీపు మీద వాతలు చూసింది. ముప్పై ఏళ్ళు నూనె రాసిన వీపు.

శవం లేచేముందు పోయినవాడి తరఫున ఊరిపెద్ద క్షమాపణ అడగడం, జనం "క్షమించాం" అనడం ఆచారం. సిగ్గులేకుండా ఆయనే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"పాపం, పైమిన్ తెలియక తప్పు చేశాడు. అందరూ క్షమించారా?"

ఎవరూ పలకలేదు. ఆ మౌనాన్ని కూడా ఆయన చేతికివ్వడం సుతినాకు ఇష్టం లేకపోయింది.

"మా ఆయన తప్పేం చెయ్యలేదు. క్షమాపణ నువ్వడుగు. మేం ఇయ్యం."

"ఇయ్యం," అంది గియెమ్. తర్వాత వాకిలంతా అంది.

ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళని ఊరది. సుతినా పాడె వెనకే నడిచింది, ఆడవాళ్ళంతా ఆమె వెంట నడిచారు. పాడె శ్మశానానికి వెళ్ళకుండా తోట దారి పట్టింది. బుల్డోజర్ ముందు దింపి చుట్టూ కూర్చున్నారు.

"శవాన్ని పూడ్చుకోరా?" అని అరిచాడు అధికారి.

"ఇక్కడే పూడుస్తాం," అంది సుతినా. "మా భూమే కదా."

వుర్యాని పార అందుకుంది.