సగానికి కాచిన నీళ్లు

పొద్దున ఏడుకల్లా సామ్రాజ్యం పొయ్యి మీద నీళ్లు పెడుతుంది. బిందెడు బోరు నీళ్లు సగానికి మరిగేదాకా దించదు, కషాయం కాచినట్టే. ఫ్లోరైడ్ ఉందని, తాగొద్దని సర్కారోళ్లు ఆ బోరుకు ఎర్ర రంగు పూసిపోయి ఆరేళ్లయింది. విషమైతే మంటకు చావదా అని సామ్రాజ్యం లెక్క. ట్యాంకర్ నీళ్లు ఏ గుంటవో ఏమో, వాటితో అంట్లు తోముతుంది. కాచిన నీళ్లు ముందు అత్తకు, తర్వాత చిన్నకూతురు స్టెల్లాకు. మిగిలితే తనకూ, మొగుడికీ, పెద్దకూతురు రాహేలుకూ.

అత్త రోశమ్మ అప్పటికి చంకల దాకా రాయైపోయింది. ముందు కాళ్లు, తర్వాత నడుము, మార్కాపురం పలక మాదిరి నల్లగా, నున్నగా. త్రిపురాంతకం చుట్టుపక్కల ముసలోళ్లు కొందరు అట్ల అవుతుంటారు, ఎవరేం చేస్తారు? పంచలో గోడకానిచ్చి కూర్చోబెట్టినారు. ఊళ్లో సిగ్నల్ దొరికేది కూడా ఆమె దగ్గరే. ఫోన్ చేసుకోవాల్సినోళ్లు వచ్చి, "పెద్దమ్మా, కొంచెం మోకాలియ్యి" అని అడిగి, మాట్లాడుకొని పోతారు.

అమ్మా నాయనా మిరపకాయల కోతకు పోతే అవ్వను చూసుకునేది రాహేలే. అందుకే కాలేజీ మానేసి ఓపెన్ ఇంటర్ కట్టింది. ఫోన్ అవ్వ మోకాలికి ఆనించి ఆన్‌లైన్ క్లాసులు వింటుంది. కెమిస్ట్రీ గట్టెక్కితే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాలని ఆశ. అవ్వా వింటుంది. "ఈ సారుకు ఊపిరాడుతుందా మే, గుక్క తిప్పుకోకుండా చెప్తాడు!" అని నవ్వుతుంది.

ఆ మంగళవారం పాఠం ద్రావణాలు, గాఢత. రాహేలు చాట్‌లో అడిగింది: "సార్, ఫ్లోరైడ్ నీళ్లు సగానికి మరగబెడితే?"

"ఫ్లోరైడ్ ఆవిరి కాదమ్మా. నీళ్లు సగమైతే అది రెండింతలు చిక్కనవుతుంది. ఎవరూ తాగట్లేదు గదా?"

రాహేలు ఫోన్ ఆపేసింది. బిందె లోపల తెల్లగా పట్టిన ఉప్పును అమ్మ ప్రతి శనివారం పలక ముక్కతో గోకుతుంది. నిన్న స్నానానికి నీళ్లు పోసేటప్పుడు చెంబు తగిలి స్టెల్లా ఎడమ మడమ ఖంగుమన్నది. ఎనిమిదేళ్ల పిల్ల!

"అమ్మకు చెప్తా అవ్వా."

"చెప్తే? అత్తను చేతులారా రాయిని చేసినానని తెలిస్తే నా కోడలు బతుకుతుందా? ఆరేళ్లు నాకు తల దువ్వి, అన్నం తినిపించిన మనిషి మే అది."

"మరి స్టెల్లా?"

"ఆ బిందె ఇటు తే" అన్నది రోశమ్మ. "చచ్చేవాళ్ల మాట మీ అమ్మ కాదనదు. నేను ఈ పొద్దే పోవాల."

రాహేలు తేలేదు. అవ్వ తిట్టింది, బతిమాలింది, "నీ చెల్లెలి కాలు మే" అన్నది. ఆ మాటకు రాహేలు ఏడ్చుకుంటా చెంబుతో తాపింది. చెంబుకింత చొప్పున రాయి పైకెక్కింది.

సాయంత్రం సామ్రాజ్యం ఇంటికొచ్చేసరికి గొంతు దాకా వచ్చింది.

"పోతున్నా అమ్మీ. బైబిల్ మీద చెయ్యిపెట్టి మాటియ్యి. ఈ ఇంట్లో ఇంక బోరు నీళ్లు తాగొద్దు, పొయ్యి మీద పెట్టొద్దు. పిల్లలకు ట్యాంకర్ నీళ్లే."

"ఏంది అత్తా, శుభ్రంగా కాచిన నీళ్లు గదా?"

"ప్రభువు కలలో చెప్పినాడు. ఎందుకని ఆయన్నే అడుగు."

సామ్రాజ్యం ఏడ్చుకుంటా మాటిచ్చింది. రోశమ్మ పెదవులు అట్లే నల్లబడినాయి. ఎత్తడం పన్నెండుమంది వల్ల కాక, పంచలోనే ఉంచి ప్రార్థన చేసినారు.

స్టెల్లా మడమ బాగుకాలేదు. రాయి మాత్రం అక్కడే ఆగింది. కుంటుకుంటా బడికి పోతుంది.

రాహేలు అదే మోకాలికి ఫోన్ ఆనించి మిగతా పాఠాలు విన్నది. ఏప్రిల్‌లో మార్కాపురంలో పరీక్ష. సామ్రాజ్యం మూడు గంటలు గేటు బయట ఎండలో నిలబడింది.

"ఏమొచ్చినాయి మే?"

"నీళ్లు మరగబెట్టడం గురించి నాలుగు మార్కులకు వచ్చింది మా."

"కాచి తాగితే మంచిదని రాసినావా? అవ్వకిచ్చిన మాట మనింటి మటుకే. పరీక్షలో ఉన్నదున్నట్టు రాయాల."

రాహేలు తలొంచుకొని చెప్పులు చూసుకుంది. "అట్లే రాసినా మా."

"అట్ల కాచి పోసినా గాబట్టే మీ అవ్వ అన్నాళ్లుంది" అన్నది సామ్రాజ్యం. ట్యాంకర్ నీళ్ల సీసా మూత తీసి కూతురికిచ్చింది.