గద్ద నోట్లో గాలం

జపాన్ ఉత్తరపు కొసన రావుసు రేవులో పడవ ఎక్కినప్పటి నుంచి కువబరా ఎవరితోనూ మాట్లాడలేదు. ఒసాకాలో నలభై ఏళ్లు పళ్ల డాక్టరుగా చేసి మానుకున్న మనిషి. కునషిరి దీవి వెనక నుంచి పొద్దు పొడిచే క్షణాన, ఆ ఎర్రటి వెలుతురులో ఎదురుగా ఎగిరొచ్చే సముద్రపు గద్దను ఫొటో తీయాలని నాలుగు చలికాలాలుగా వస్తున్నాడు. గత మూడేళ్లూ మబ్బు కమ్మేసింది. ఈసారి ఆకాశం కడిగినట్టుంది.

పడవ వెనక నిలబడి సెత్సుయో నీళ్ల మీద తేలే మంచు పలకల మీదికి చేపలు విసురుతోంది. చుక్కాని ఆమె భర్త ఇవావో చేతిలో ఉంది. చేప పడ్డ చోటల్లా తలుపులంతేసి రెక్కలు విప్పుకుని గద్దలు దిగుతున్నాయి. పది కెమెరాలు ఆగకుండా టకటకలాడుతున్నాయి.

"అమ్మా, ఒకసారి ఇలా రా. దీని నోట్లోంచి వేలాడేది ఏమిటి?" అన్నాడు కువబరా, కెమెరా వెనక తెర చూపిస్తూ.

కుడి రెక్కలో ఒక ఈక లేని గద్ద. పసుపు ముక్కు పక్క నుంచి మూరెడు దారం గాలికి వెనక్కి తేలుతోంది. గాలపు దారం.

సెత్సుయో చేతిలోని చేప వైపు చూసింది. గాలాలతో పట్టిన చేపలు రేవు నుంచి వస్తాయి. గద్దలకు వేసే ముందు ప్రతి చేప నోరూ తెరిచి చూడాలి. నిన్న సాయంత్రం వేళ్లు కొంకర్లు పోతుంటే రెండో పెట్టెలో సగం చూడకుండానే మూత పెట్టేసింది. ఇప్పుడు విసురుతున్నది ఆ పెట్టెలోవే.

విసరడం ఆపేసింది.

"ఏమైందమ్మా? సూర్యుడు వచ్చేస్తున్నాడు, వెయ్యండి!" అని ముందు వరసలో ఒకతను కేకేశాడు.

"వెయ్యలేను. చేపలు సరిగ్గా చూడలేదు నేను. ఆ గద్ద నోట్లో గాలం ఉంది. తప్పు నాదే," అంది.

ఇవావో చుక్కాని దగ్గర నుంచే తల తిప్పాడు. "చూశానన్నావు కదే నిన్న?"

"అబద్ధం చెప్పానండీ."

అతను మళ్లీ ముందుకు తిరిగాడు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. పక్షుల డాక్టరు ఒగినోకు ఫోన్ చేసింది.

"మింగేసిందా, నోటి మూలనే గుచ్చుకుందా, ముందు అది తెలియాలి," అంది ఒగినో. "మింగి ఉంటే పట్టుకుని కోసి తీయాల్సిందే. మూలన ఉంటే దానంతటదే ఊడొచ్చు. అప్పుడు వెంటపడకండి, బెదిరి పోతే దారం ఏ కొమ్మల్లోనో చిక్కుకుంటుంది. నోరు తెరిచినప్పుడు ఫొటో తీయించండి."

ఆ మాట కువబరాకు చెప్పి, సెత్సుయో చేతి తొడుగులు తీసేసి మిగిలిన చేపల నోళ్లు ఒక్కొక్కటే వేలితో తడిమింది. పదకొండో దాంట్లో ఇంకో గాలం దొరికింది. దాన్ని పక్కన పెట్టి, చూసినవి మాత్రమే విసరసాగింది.

"గాలి తిరిగింది. మంచు రేవు వైపు కదులుతోంది. పది నిమిషాలు, అంతే," అన్నాడు ఇవావో.

దారం వేలాడే గద్ద పడమటి వైపున తిరుగుతోంది. సరిగ్గా అప్పుడే కునషిరి వెనక ఎర్రటి అంచు లేచింది. అందరూ అటు తిరిగారు. కువబరా ఒకసారి అటు చూశాడు, ఏదో గొణుక్కున్నాడు, కెమెరా ఎత్తి వీపు సూర్యుడి వైపు పెట్టాడు.

గద్ద దగ్గరికొచ్చింది. దారం రెక్కకు చుట్టుకోబోయి మళ్లీ వదులైంది. చేపను అందుకోబోతుంటే ఇంకో గద్ద అడ్డం వచ్చింది. దారం ఉన్న గద్ద గాల్లోనే కాళ్లు చాచి నోరు తెరిచి అరిచింది. కువబరా వేలు ఆగలేదు.

"ఇంక చాలు!" అని ఇవావో పడవ తిప్పాడు. మంచు పలకలు పడవ ఒంటిని రాసుకుంటూ గరగరమంటున్నాయి.

కువబరా తెర మీద ఫొటోను పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

"నలభై ఏళ్లు నోళ్లలోకే చూశానమ్మా. గొంతు శుభ్రంగా ఉంది. ఇదిగో, ఎడమ మూల చర్మంలో ఉంది గాలం."

ఫొటో అందాక ఒగినో కూడా అదే మాట చెప్పింది. ఇక ఎదురుచూడటమే.

ఆ మధ్యాహ్నానికి మంచు రేవును మూసేసింది. ఆరు రోజులు ఒక్క పడవా కదల్లేదు. గద్ద చెట్టు కొమ్మకు తలకిందులుగా వేలాడుతున్నట్టే కళ్ల ముందు మెదిలి సెత్సుయోకు ముద్ద దిగేది కాదు. ఇవావో రోజూ రేవు గోడ ఎక్కి దూరదర్శినితో వెతికి వచ్చి, "కనపడలేదు," అనేవాడు.

ఏడో రోజు దారి దొరికింది. పడవలో కొత్తగా వచ్చిన ఒకావిడ గద్దలను ఫొటో తీస్తుంటే, కుడి రెక్కలో సందు ఉన్నది తలమీదుగా పోయింది.

"అమ్మా, ఆ ఫొటో చూపిస్తారా? కొంచెం పెద్దది చెయ్యండి. ఇంకా, ఇంకా," అంది సెత్సుయో.

దారం లేదు. నోటి మూల నల్లటి పుండు అట్టకట్టింది. మెడ కింద మేత సంచి ఉబ్బి ఉంది.

"తింటోందండీ!" అని సెత్సుయో చుక్కాని వైపు అరిచింది. ఇవావోకు ఇంజను మోతలో వినపడలేదు. చేపల పెట్టె మీద కూలబడి, "తింటోంది," అంది మళ్లీ, ఎదురుగా అయోమయంగా చూస్తున్న ఆవిడతో.