లోవమ్మగారి పిల్ల

పడవ ఇంకా ఒడ్డుకు తగలకముందే అరుపులు వినిపించాయి.

మొగలిపాలెం రేవులో గుంపు. గుంపు మధ్యలో సత్యశ్రీ. ఆమె భుజాన ఉండాల్సిన ఆశా కార్యకర్త సంచి గంగబాబు చేతిలో ఉంది. పడవ ముక్కు ఇసుకలో దిగబడగానే అతను ఆ సంచిని తెచ్చి సరిగ్గా పడవలో ఉన్న లోవమ్మ కాళ్ళ దగ్గర పడేశాడు.

"ఇదిగోండి మీ సంచి. అట్టుకుపోండి. మా పాలేనికి సూదులూ వద్దు, మందులూ వద్దండి బాబూ!"

కోపంలో ఉన్నా అండీ మాత్రం మరిచిపోలేదు.

లోవమ్మ చెప్పులు విప్పి ఒక చేత్తో పట్టుకుంది. రెండో చేత్తో కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, నొప్పి పెట్టే మోకాలిని ముందు దించి నీళ్ళలోకి దిగింది. తెల్లచీర అంచు ఎప్పటిలాగే తడిసింది. ఏఎన్ఎం నర్సు ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచీ ఆమె ఈ రేవులో ఇలాగే దిగుతోంది. అప్పట్లో ఒక్క గెంతులో ఒడ్డెక్కేది. ఇప్పుడు పడవ అంచు పట్టుకుని కాసేపు నిలబడాలి.

నిలబడింది. ఊపిరి తీసుకుంది. వెనక్కి వంగి సంచి తీసి సత్యశ్రీ భుజానికి తగిలించింది.

"పిల్లాడికెలా ఉంది గంగబాబూ?"

అతని గొంతు ఒక్కసారిగా పడిపోయింది. "అమలాపురంలో ఆక్సిజన్ పెట్టేరండి. ఊపిరందక పక్కలెగరేత్తన్నాడు. మా ఇంటిది తులసి పక్కనే కూచుంది. నేను బట్టల కోసం వచ్చేను."

"సూది వేసింది నేను. సంచి ఈ అమ్మాయిది లాక్కున్నావేం?"

"మీరొచ్చి పిలిస్తే మేం రామండి. ఇంటికొచ్చి బతిమాలి తీసుకెళ్ళింది ఇదేగదండి. రెండు నెలల పిల్లోడు. సూదేసిన వారానికే ఆయాసం!"

"ఊళ్ళో పిల్లే ఊరి పిల్లల్ని సూదులకి అప్పజెబితే ఇంకెవరికి చెప్పుకోవాలండీ?" గుంపులోంచి ఇంకో గొంతు.

సత్యశ్రీ తల వంచుకుంది. లోవమ్మ ఆ వంగిన తలకేసి చూసింది. పాలెంలో పది చదివిన మొదటి ఆడపిల్ల అది. దాన్ని ఆశా పనికి ఒప్పించడానికి వాళ్ళ నాన్న వల బాగుచేసుకుంటుంటే పక్కన కూర్చుని ఓ పూటంతా మాట్లాడింది లోవమ్మ. ఈ రోజు ఈ సంచి పడవెక్కితే మొగలిపాలేనికి ఇంకెవరూ దొరకరు. పైఊళ్ళ వాళ్ళెవరూ గోదారి పాయ దాటి రారు. రావాల్సిన తనకేమో ఈ సాయంత్రంతో ఉద్యోగం అయిపోతుంది. ఆస్పత్రిలో శాలువా, పూలదండ, లడ్డూల పళ్ళెం సిద్ధంగా ఉన్నాయి. ఆ సంగతి పాలెంలో ఎవరికీ తెలియదు. ఆమె చెప్పలేదు.

అప్పుడు పడవలోంచి బంగారయ్య గొంతు వినిపించింది. తెడ్డు మీద రెండు చేతులూ ఆనించి, ఎవరి ముఖమూ చూడకుండా అన్నాడు.

"మా మనవరాలికి సూది పడనేలేదు గంగబాబూ. పోయిన వానాకాలం అదీ ఇలాగే పక్కలెగరేసింది. దక్కలేదు."

లోవమ్మ ఫోను తీసి రేవు పక్కనున్న కొబ్బరిమొద్దు దగ్గరికి నడిచింది. పాలెంలో ఫోను పలికేది ఆ మొద్దు దగ్గరే, అదీ గట్టిగా అరిస్తేనే. ఆస్పత్రి డాక్టర్ యామిని అప్పటికే అమలాపురంతో మాట్లాడి ఉంది.

"ఊపిరితిత్తుల్లోకి ఏదో పోయిందంటున్నారండీ లోవమ్మగారూ! ఏం తాగించేరని తల్లిని ఎన్నిసార్లడిగినా పాలు తప్ప ఇంకేం లేదంటోంది. అదేంటో తెలిస్తే మందు మారుస్తారు. మీరు కొంచెం చూడండి. అవునూ, రిటైరయ్యే రోజు పడవెక్కేరేంటండీ మీరు!"

"ఆయ్," అంది లోవమ్మ. ఫోను పెట్టేసింది.

తులసి అబద్ధం చెప్పే మనిషి కాదు. మరి పాలు తప్ప ఇంకేం పోయింది? గంగబాబు ఇంటికీ బంగారయ్య ఇంటికీ కలిసినది ఏమిటి? ఒకే వీధి. ఒకే కుళాయి. ఇంకా? లోవమ్మ కళ్ళు గుంపుని దాటి, వీధి మొదట్లో ఉన్న ముసలి పెద్దింట్లమ్మ ఇంటి అరుగు మీదికి పోయాయి. అరుగు పక్కన గోడకి ఆనించి నునుపెక్కిన వేపపీట.

పాలెంలో ఎవరింట బిడ్డ పుట్టినా నీళ్ళు పోసేది పెద్దింట్లమ్మే. ఎవరూ జీతమివ్వరు, ఆవిడ అడగదు. బిడ్డకి ఏడాది నిండాక చీర పెడతారు. గంగబాబు ఆ కాళ్ళ మీదే నీళ్ళు పోసుకున్నాడు. సత్యశ్రీ కూడా.

లోవమ్మ వెళ్ళి అరుగు మీద కూర్చుని మోచేతికి తగిలించుకున్న ప్లాస్టిక్ బుట్టలోంచి గుడ్డపిల్లని తీసింది.

దానికో కథ ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో శిక్షణంటే మండల ఆస్పత్రి హాల్లోనే. కుర్చీలు, బొమ్మల చార్టులు, టీలు. పాలెం ఆడవాళ్ళు చేపల గంపలు దించి, పడవ పట్టుకుని వచ్చేసరికి క్లాసు సగమయ్యేది. వెనక గోడకి ఆనుకుని నిలబడేవారు. చేపల వాసనంటూ ముందు కుర్చీల వాళ్ళు ముక్కు మూసుకునేవారు. రెండోసారికి రావడం మానేశారు. దాంతో లోవమ్మ క్లాసునే పడవెక్కించింది. ఆస్పత్రిలో ఉన్న రబ్బరు బొమ్మని బయటికి తీసుకెళ్ళనివ్వకపోతే తన పెళ్ళినాటి పసుపు చీర కత్తిరించి, బూరుగుదూది కూరి, తలలో ఇసుకమూట పెట్టి కుట్టింది. మెడ పట్టుకోకపోతే అచ్చం పసిబిడ్డలాగే తల వాలిపోతుంది. అది చూసి ఆడవాళ్ళు పడిపడి నవ్వారు. లోవమ్మగారి పిల్ల అని పేరు పెట్టారు. "మీ పిల్లకి పాలిచ్చేరాండీ?" అని వేళాకోళం ఆడేవారు. ఆ నవ్వుల మధ్యనే బిడ్డని పొదువుకోవడం, పాలు పట్టడం, ఎప్పుడు ఆస్పత్రికి పడవెక్కించాలో కనిపెట్టడం నేర్చుకున్నారు. వలల పక్కన, చేపలెండే చాపల పక్కన, ఎన్ని క్లాసులో! ఇప్పుడా పసుపు వెలిసి గంజిరంగుకి వచ్చింది.

"వదినా," అంది పెద్దింట్లమ్మతో. "మా సత్యశ్రీకి పసిపిల్లకి నీళ్ళు పోయడం రాదు. నువ్వోసారి చూపించు."

"దీనికి రాదని నాకు తెలీదేటి! ముప్పొద్దులా ఆ సంచి మోసుకు తిరుగుద్ది," అంది ముసలావిడ. మాటలో పుల్లవిరుపున్నా ముఖం విప్పారింది. పీట వాల్చుకుని కూర్చుంది. చీర మోకాళ్ళ దాకా లాగి కాళ్ళు బారజాపింది. గుడ్డపిల్లని బోర్లా, కాళ్ళ మీద వేసుకుంది. అరుస్తున్నవాళ్ళు కూడా దగ్గరికి జరిగారు. గంగబాబు బట్టల మూటతో అక్కడే నిలబడిపోయాడు.

ఆ చేతులు కదులుతుంటే చూడముచ్చటగా ఉంది. వీపు రుద్దాయి. చంకలు, మెడ మడతలు రుద్దాయి. లేని నీళ్ళని చెంబుతో పోశాయి, కళ్ళలో పడకుండా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టాయి. ఇసుకతల వాలబోతే ఒడుపుగా పట్టుకున్నాయి. తర్వాత తిరగేసి పడుకోబెట్టాయి. కుడిచెయ్యి తనంతట తానే పక్కనున్న కొబ్బరినూనె గిన్నెలోకి పోయింది. మాడున అద్దింది. చెవుల్లో ఒక్కో చుక్క. ముక్కురంధ్రాల్లో ధారగా. ఆవిడ వంగి ముక్కులోకి గట్టిగా ఊదింది.

గుడ్డపిల్ల ముక్కు దగ్గర మరక పుట్టి మెల్లగా పెద్దదైంది.

ముక్కులో నూనె పోయకూడదని లోవమ్మ ప్రతి క్లాసులోనూ చెప్పింది. సత్యశ్రీకి చెప్పింది, తులసికి చెప్పింది. అన్నిసార్లూ వచ్చింది కోడళ్ళే. పీట మీద కూర్చునే ఈ చేతుల్ని తను ఒక్క క్లాసుకీ పిలవలేదు. తులసిని మాత్రం ఏమనగలం? ఏం తాగించావని అడిగారు. నూనె ఎవరూ తాగించలేదు. అది స్నానంలోది.

"రోజూ ఇలాగే పోస్తావా వదినా?"

"పోయకపోతే ముక్కు కట్టెయ్యదా? దీనికీ పోసేను, గంగబాబుకీ పోసేను. బతకలేదా ఏటి!"

"బతికినవాళ్ళమే గదా వదినా మాట్లాడుతున్నాం."

పెద్దింట్లమ్మ చెయ్యి గిన్నె మీద ఆగిపోయింది.

లోవమ్మ సత్యశ్రీ వైపు చూసింది. ఆ పిల్ల చూసింది, అర్థం చేసుకుంది, చూపు దించేసుకుంది. తనకి మొదటి నీళ్ళు పోసిన మనిషి మీద ఈ గుంపులో వేలెత్తాలి.

లోవమ్మ ఆమె చేతిలో ఫోను పెట్టింది. "డాక్టరుగారు కనిపెట్టుకుని ఉన్నారు. చూసింది చెప్పు."

"మీరే చెప్పండమ్మగారూ."

"నేను చెబితే ఆస్పత్రి మాటవుద్ది. రేపు నేనుండను. నువ్వుండాలి." బుట్ట చేతికి తగిలించుకుని రేవుకి నడిచింది. నీళ్ళలో దిగి, పడవెక్కి, అడ్డచెక్క మీద కూర్చుంది.

"తాడు విప్పమంటారా?" అన్నాడు బంగారయ్య.

"ఆగండి." ఆ పిల్ల నోరు విప్పకపోతే తను దిగి చెప్పాలి. ఎక్కువసేపు ఆగే వ్యవహారం కాదు.

సత్యశ్రీ కొబ్బరిమొద్దు దగ్గరికి వచ్చింది. వెనకాలే గుంపు. డాక్టరుకి కలిపి ఫోను చెవికి ఆనించుకుంది. పెదాలు కదిలాయి.

"వినపడట్లేదమ్మా, గట్టిగా!" అవతల డాక్టరు గొంతు కీచుమంది.

సత్యశ్రీ కళ్ళు మూసుకుని అరిచింది. "నూనండీ! కొబ్బరినూనె! నీళ్ళు పోసేటప్పుడు ముక్కులో పోసి ఊదుతున్నారండీ! రోజూనండీ!"

బంగారయ్య చేతిలో తెడ్డు జారి పడవ అడుగున పడింది.

"ఎవరు పోసేరు? ఎంత పోసేరు?"

సత్యశ్రీ మళ్ళీ ఆగిపోయింది. గుంపు చీల్చుకుని పెద్దింట్లమ్మ ముందుకొచ్చింది. నూనె చేతులు కొంగుకి తుడుచుకుంటోంది. తుడిచినకొద్దీ పోవడం లేదు.

"దాత్తావేటే? పిల్లోడికి మందు తెలియాలి గదా! పెద్దింట్లమ్మని చెప్పు. పెద్దింట్లమ్మ పోసిందని గట్టిగా చెప్పు!"

సత్యశ్రీ చెప్పింది. ఆ పేరు నీళ్ళ మీదుగా అవతలి గట్టు దాకా వినిపించింది. గంగబాబు బట్టల మూటతో వచ్చి పడవెక్కి కూర్చున్నాడు.

బంగారయ్య తాడు విప్పాడు. కొంత దూరం పోయాక గొంతు సవరించుకుని, "బుధవారం క్లాసుకి వస్తారుగదండీ?" అన్నాడు.

"సత్యశ్రీ ఉంటాదండి."

చేతిలో బుట్ట మరీ తేలిగ్గా ఉంది. అప్పుడు గుర్తొచ్చి వెనక్కి తిరిగింది. జనమంతా రేవులోనే ఉన్నారు. ఖాళీ అరుగు ముందు, నీళ్ళపీట మీద, మెడ పట్టుకునేవాళ్ళు లేక తల ఒక పక్కకి వాల్చి పడుకుని ఉంది గుడ్డపిల్ల. దాని ముక్కు మీది నూనెమరక ఎండకి మెరుస్తోంది.