అవ్వ తిరిగిన తొవ్వ

తెలుగు సార్ ‘తారాడు’ అనే మాటకు అర్థం చెప్పి, సొంత వాక్యం రాసుకు రమ్మన్నాడు. పనీపాటా లేకుండా అటూ ఇటూ తిరగడమట. నిహారికకు ఆ అర్థం కొత్త కాదు. నాయనమ్మ కమలవ్వ దాన్నే రోజూ ఇంకో తీరుగా అంటుంది: “ఆడివిల్లకు ఊకె తిరుగుడేందే?” మగపిల్లలు ఊరంతా తిరిగొచ్చినా ఆ మాట అనదు. నిహారిక బస్సు కాస్త ఆలస్యమైతే చాలు, బాపు చెవిన వేస్తుంది.

బాపు గంగారాం తేల్చి చెప్పేశాడు: “ఇంకోసారి తిరిగినవని తెలిస్తే కాలేజి బంద్.”

అయినా ఆ శనివారం ఎల్లారెడ్డిలో కాలేజీ తొందరగా విడిచేసరికి, నాగిరెడ్డిపేటలోని ఇంటికి పోవాల్సిన పిల్ల కామారెడ్డి బస్సెక్కింది. పనేమీ లేదు. చూడాలనిపించింది, అంతే. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ చేతిలో పడింది.

కామారెడ్డి బస్టాండులో దిగి, బెంచీల వైపు చూసి కొయ్యబారిపోయింది.

కమలవ్వ! మోకాళ్ల సూదికి ఎల్లారెడ్డి దవాఖానకు పోతున్నానని పొద్దున చెప్పిన మనిషి, పెట్టెలో దాచుకున్న మంచి చీర కట్టుకుని పల్లీలు నములుతోంది.

“యాడికి పోతవ్ అవ్వా?” అంటోంది కండక్టరమ్మ.

“ఏ బస్సు ముందుగాల ఎల్తే దాంట్ల. మొన్న భిక్నూర్ జూసొచ్చిన.”

అంతలో మనవరాలు కనబడింది. పల్లీలు ఒళ్లో రాలిపోయాయి.

“నువ్వేందే ఈడ?”

“నువ్వేందవ్వా?”

ఇద్దరూ తిరుగు బస్సెక్కి ఇల్లు చేరారు.

వాకిట్లో బాపు నిలబడి ఉన్నాడు. పక్కింటి లింగం నిహారికను బస్టాండులో చూసి ఫోన్ చేశాడట.

“కామారెడ్డిల తిరుగుతున్నవా? సోమారం సంది కాలేజి లేదు, ఏం లేదు!”

అవ్వ పేరు చెబితే చాలు, కోపం అటు మళ్లుతుంది. నిహారిక నోరు విప్పలేదు.

కమలవ్వ చేతిసంచి కింద పెట్టింది. “నేను సుత తిరుగుతున్న.”

“ఏందీ?”

“సూది లేదు, గీది లేదు. బస్సు ఫ్రీ అయినకాన్నుంచి తిరుగుతున్న. మీ బాపు ఉన్నన్ని దినాలు ఇల్లు, పొలం దప్ప ఏం జూడనిచ్చిండు? పిల్లను బంద్ జేస్తే నన్ను సుత జెయ్ రా!”

లోపల అమ్మ చేతిలో చాట ఆగిపోయింది. బాపు అరుగు మీద కూలబడ్డాడు.

ఆదివారం ‘తారాడు’కు సొంత వాక్యం రాయబోతే ‘మా అవ్వ’ అని మొదలైంది. నిహారిక కొట్టేయలేదు.

సోమవారం బ్యాగు తగిలించుకుని గడప దగ్గర బిక్కుబిక్కుమంటూ నిలబడింది. వెనక అవ్వ, అదే చీరలో.

బాపు వాళ్ల వైపు చూడకుండానే అడిగాడు:

“ఆధార్ కార్డులు పెట్టుకున్నరా, ఇద్దరు?”