ఎవరి పుట్టినరోజైతే వాళ్లదే కేకు

ఆర్హుస్‌లో మా ఇంటి పైగదిలో లియెన్ అద్దెకుండేది. వియత్నాం నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్ల. ఓ సాయంత్రం కళ్లు వాచిపోయేలా ఏడ్చి వచ్చింది.

"ఇవాళ నా పుట్టినరోజు బామ్మా. క్లాసులో ఒక్కరూ పలకరించలేదు. ఇక్కడ నేనుండలేను, మా ఊరెళ్లిపోతా."

"మరి కేకు పట్టుకెళ్లావా?"

"నా పుట్టినరోజుకి నేనేనా? అడుక్కున్నట్టుండదూ!"

"పిచ్చిపిల్లా! ఇక్కడ ఎవరి పుట్టినరోజైతే వాళ్లే తేవాలి. తేకపోతే, నీకే ఇష్టంలేదేమోనని నోరు మూసుకుంటారు. మా డేనిష్‌వాళ్లకి మర్యాద మరీ ఎక్కువలే!"

ఇద్దరం కలిసి దాల్చినచెక్క వేసి పెద్ద కేకు చేశాం. మర్నాడు బెరుగ్గానే పట్టుకెళ్లింది. రాత్రి భోజనాల వేళైనా రాకపోయేసరికి నాకు గుబులు పట్టుకుంది. అప్పుడు ఫోను మోగింది.

"బామ్మా, నాకోసం చూడొద్దు, తినేసెయ్. వీళ్లు నన్ను కదలనివ్వడం లేదు. 'నిన్నే తెచ్చి చావొచ్చుగా మొద్దూ' అని మా క్లాసు పిల్ల మెటే ఒకటే తిట్లు!"