పంపు కట్టమన్న పాట

నేను ఒక అరవై నిమిషాల క్యాసెట్‌ని. అందులో నిండింది నాలుగున్నర నిమిషాలే, మిగతాదంతా ఖాళీ. దానికి నేనేం సిగ్గుపడను. మనుషుల్లో కూడా చాలామంది ఇంచుమించు అలాగే ఉంటారు.

ఒకే అట్టపెట్టెలో పదిమందిమి విజయవాడ చేరాం. మిగతా తొమ్మిదీ పెళ్ళిమండపాల్లో సన్నాయి మోగించడానికి పోయాయి. నన్ను పానకాలు కొన్నాడు. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాడు. సొంతంగా ఒక పాప్ ఆల్బం చెయ్యాలని అతని కోరిక. పాడడానికి తమ ఆర్కెస్ట్రాలోనే పాడే హైమవతిని పిలిచాడు. ఆవిడ పగలు టైపిస్టు, ముహూర్తాల్లో గాయని. పన్నెండేళ్ళుగా సినిమా పాటలే పాడుతోంది. బాగుంటే జనం సినిమాలో పాడినావిణ్ణి మెచ్చుకుంటారు, బాగోకపోతే హైమవతిని తిడతారు. ఒక్క క్యాసెట్ అట్టమీదయినా తన పేరు చూసుకోవాలన్నది ఆవిడ ఆశ.

స్టూడియో అంటే పానకాలు పడగ్గదే. గోడలకి రగ్గులు, కిటికీకి పరుపు. చప్పుడొస్తుందని ఫ్యాను కట్టేశారు. ఏప్రిల్ నెల. ట్యూను తయారుగా ఉంది గాని మాటలు రాలేదు, కవిగారికి ఇంకా భావం తగల్లేదట. అలాంటప్పుడు ట్యూను పోకుండా ఏవో డమ్మీ మాటలు పెట్టి పాడించుకోవడం ఈ వృత్తిలో మామూలే. అసలు మాటలు వచ్చాక అవి పోతాయి.

"నోటికేదొస్తే అది పాడండమ్మా, ఎవరు వింటారు?" అన్నాడు పానకాలు.

హైమవతి కళ్ళు మూసుకుంది. నోటికి వచ్చింది ఇది:

పల్లవి అందుకుంటే పంపు కట్టమంటావు,
చరణం మొదలెడితే చట్నీ ఏదంటావు,
పన్నెండేళ్ళయె స్వామీ, ఒక్క పాట విన్నావా?

పాట అయ్యేసరికి పానకాలు చెమట తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. నా టేపు మీద పూసిన ఇనప్పొడి నిక్కబొడుచుకుంది.

గవర్నరుపేటలో ఒక క్యాసెట్ల కంపెనీ ఓనరు నన్ను మూడుసార్లు తిప్పి తిప్పి విన్నాడు. "ఈ మాటలే ఉంచండి. అమ్మాయి పేరు పెద్ద అక్షరాల్లో వేద్దాం. ఇంట్లోవాళ్ళ సంతకం ఒకటి తెండి చాలు, రేపు గొడవలొద్దు" అన్నాడు.

ఇంట్లోవాళ్ళంటే హైమవతి భర్త నరహరి. ఒక ఆఫీసులో సూపరింటెండెంటు. కుర్చీలో కూర్చుని, కదలకుండా విన్నాడు.

"ఎవరి గురించి ఇది?"

"డమ్మీ అండీ" అంది హైమవతి.

"అంటే నేనేగా?" అని, "గొంతు మాత్రం భలే ఉంది హైమా. నాకెవరూ చెప్పలేదేంటి?" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు పాపం. తరవాత ఆఫీసు గుర్తొచ్చింది. "మా సెక్షన్‌లో వింటే ఇంకేమన్నా ఉందా! ఎందుకైనా మంచిది, ఒకసారి అక్కయ్యని అడుగుదాం."

ఏ పనికైనా ముందు, వద్దనే మనిషెవరో వెతికి మరీ సలహా అడగడం ఈ ఇళ్ళల్లో ఆచారం. శేషమణి అక్కయ్య పెన్సిలుతో సహా వచ్చింది.

"ఒరే నరహరీ, ముందు ఆ పంపు తీయించు. మనింట్లో నీళ్ళ గొడవ ఊరందరికీ ఎందుకురా? వెన్నెల పెట్టు."

"మరి చట్నీ?"

"చందమామ. ఇక 'విన్నావా' ఏంటి, మొగుణ్ణి నిలదీసినట్టు! 'వింటూనే ఉంటావు స్వామీ' అనమను. ఆ పాతదేదో ఎవరి చేతిలోనన్నా పడితే పరువు పోతుంది. దానిమీదే కొత్తది పాడించెయ్."

భోజనాలవేళకి పాట నిండా వెన్నెలే. నరహరి సంతోషంగా సంతకం పెట్టాడు. "పాడు హైమా, నీ పేరొస్తుంది. వంద క్యాసెట్లు నేనే కొని పంచుతా" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే వచ్చిన చిక్కు.

మర్నాడు పానకాలు నన్ను వెనక్కి తిప్పి, మొదట్లోనే నిలబెట్టాడు. "ఒక్క టేకు, అంతేనమ్మా."

"ఒకసారి ఇలా ఇవ్వండి" అని హైమవతి నన్ను చేతిలోకి తీసుకుంది. నా అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రేకులుంటాయి. అవి విరిచేస్తే ఇక నామీద కొత్తగా ఏదీ ఎక్కదు. ఆవిడ జడలోంచి పిన్ను తీసి టక్కున ఒకటి, టక్కున రెండోది విరిచేసింది.

"అయ్యయ్యో, అదేం పనమ్మా! పేరొచ్చేది కదా!"

"ఊళ్ళోవాళ్ళ పాటలు ఇప్పటికే చాలా పాడాను పానకాలుగారూ. ఇంకొకటెందుకు?"

వెన్నెల పాట ఇంకో అమ్మాయి పాడింది. ఓ మాదిరిగా అమ్ముడుపోయింది. గాంధీనగర్ కొట్లో ఆ క్యాసెట్ తీసి అట్టమీది పేరు చదివి, మళ్ళీ జాగ్రత్తగా పెట్టేసి వచ్చానని హైమవతి ఇంటికొచ్చిన పానకాలుతో చెప్పడం విన్నాను. ఆ రాత్రి ఏడ్చిందో లేదో నాకు తెలీదు. నేను ఆవిడ బీరువాలో, పట్టుచీరల మధ్య, కలరా ఉండల వాసనలో ఉన్నాను.

నాలాంటి డెమోలు, అదే నమూనా క్యాసెట్లు, ఎందుకు విడుదల కావని ఎవరన్నా అడిగితే హక్కులనీ, నాణ్యతనీ పెద్ద మాటలు చెబుతారు. నా సంగతి మాత్రం నేను చెప్పగలను. నిజం మరీ దగ్గరగా ఉంది, అంతే.

తరవాత ఓ ఆదివారం హైమవతి నన్ను బయటికి తీసి, నా అట్టమీద బాల్‌పెన్నుతో గుండ్రంగా రాసింది. గానం: హైమవతి. మాటలు: హైమవతి. ముద్రించిన ప్రతులు ఒకటి, అమ్ముడైనవి సున్నా.

నరహరి కళ్ళజోడు పెట్టుకుని, అట్ట దగ్గరగా పట్టుకుని చదివాడు.

"మాటలు కూడా నీవేనా?"

"సగం మీవేనండీ" అంది హైమవతి.