పోస్టుడబ్బా పక్కన తమ్ముడు

సంచి సర్దడం మొదలుపెట్టింది తమ్ముడే. కానీ అతను సర్దిన సంచి సర్దినట్టుగా ఆ ఇంటి గడప దాటిన దాఖలా ఎన్నడూ లేదు. అతను ఒక్కొక్కటీ లోపల పెడుతుంటే, అక్క ఒక్కొక్కటీ బయటికి తీసి, మళ్ళీ మడతపెట్టి, తన పద్ధతిలో పెడుతుంది. ఉన్ని బట్టలు, తెల్ల కోట్లు, రెండు రకాల దగ్గు మందు, మందపాటి గుడ్డలో చుట్టిన కత్తులు. అతను సరుకుల ఓడలో వంటవాడు. కత్తులు అడుగున ఉండాలని అక్క, పైన ఉండాలని తమ్ముడు. ఆ తగువు అతని మీసం నల్లగా ఉన్నప్పుడు మొదలైంది, తెల్లబడినా తేలలేదు.

ప్రయాణం ఎల్లుండి పొద్దున. ఇంత ముందుగా ఎందుకు సర్దడమంటే, చివరి రోజున అక్క చేతులు వణుకుతాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనరు.

సర్దుతూ సర్దుతూ ఆమె గోడకున్న ఫ్రేము వైపు చూసి, ఈసారి కూడా అలాగే నిలబడాలని తమ్ముడికి చెప్పింది. పోయినసారి ఎంత బుద్ధిగా, కదలకుండా, నిటారుగా నిలబడ్డాడో చూడమంది. తమ్ముడు కళ్ళజోడు పెట్టుకుని ఫ్రేము దగ్గరికి వెళ్ళాడు. చాలాసేపు చూశాడు.

"అక్కా, కదలకుండా నిలబడింది నేను కాదు. అది పోస్టుడబ్బా."

"మరి నువ్వెక్కడున్నావురా?"

"ఇదిగో, దాని పక్కన. ఈ బూడిదరంగు నలక."

అక్క మంచం మీద కూలబడింది. "ఏడాది పొడుగునా నేను పొద్దున్నే లేచి పలకరించింది పోస్టుడబ్బానా?"

"పోనీలే, దానికి మాత్రం ఎవరున్నారు?" అన్నాడు తమ్ముడు.

ఆ ఫొటో కథ చెప్పాలంటే వాళ్ళ నాన్న దగ్గర మొదలుపెట్టాలి. ఆయనా ఓడ మనిషే. తమ్ముడు ఇంకా సరిగ్గా మాటలు రాని వయసులో ఉండగా, ఆయన సంచి భుజాన వేసుకుని వీధి చివర మలుపు తిరిగాడు. వెనక్కి చూడలేదు. అమ్మ కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసింది. ఆయన రాలేదు. చిన్నప్పటి అక్క మనసులో ఆ రెండూ ముడిపడిపోయాయి: వెనక్కి చూడలేదు, వెనక్కి రాలేదు. పెద్దయ్యాక ఎన్ని పుస్తకాలు చదివినా ఆ ముడి వీడలేదు. అందుకే ఆ ఇంట్లో ఒక నియమం. ఎవరు ప్రయాణమైనా మలుపులోని పోస్టుడబ్బా దగ్గర ఆగి, ఇంటివైపు పూర్తిగా తిరిగి నిలబడాలి. అక్క మేడమీది కిటికీలోంచి ఫొటో తీస్తుంది. అప్పుడే మలుపు తిరగాలి. తమ్ముడు ఒక్కసారీ తప్పలేదు. తప్పంతా కెమెరాదే.

అక్క బతుకుతెరువు ఫొటోలే. గడియారాల దుకాణం మీది మేడలో, ముందుగదిలో తెల్ల దుప్పటి కట్టి పాస్‌పోర్టు ఫొటోలు తీస్తుంది. "గడ్డం కొంచెం కిందికి. చెవులు రెండూ కనపడాలి. పళ్ళు కనపడకూడదు." ఈ మూడు ముక్కలూ నిద్రలో కూడా అంటుందని తమ్ముడు వెక్కిరిస్తాడు. ఆ పనికి ఆమె చిన్న కెమెరా, దానితోపాటే వచ్చిన చిన్న లెన్సు సరిపోతాయి. వీధి చివరికి మాత్రం దాని చూపు ఆనదు. తీసినదాన్ని కంప్యూటర్లో పెద్దది చేస్తే ముఖం గళ్ళుగళ్ళుగా విడిపోతుంది. అసలు వాడు వెళ్ళేటప్పుడు వాడి ముఖం ఎలా ఉంటుందో ఇన్నేళ్ళలో ఆమెకి తెలియదు. ఏడుస్తాడా? విసుక్కుంటాడా? రాత్రిళ్ళు ఆ ప్రశ్న వచ్చి మంచం పట్టె మీద కూర్చునేది.

పెద్ద కెమెరాల గురించి చదవడం ఆమెకి కొత్త కాదు. గ్రంథాలయంలోని పత్రికలన్నీ నమిలి మింగింది. దానికోసం దాచింది కూడా ఉంది. లేనిది ధైర్యమొక్కటే. ఆ కాస్తా పోస్టుడబ్బా ఇచ్చింది. సంచి సగం సర్ది వదిలేసి, చెప్పులు వేసుకుని, పదరా అంది.

కెమెరాల షాపు ఒకావిడది. పొట్టి జుట్టు, నుదుటి మీద ఒక కళ్ళజోడు, మెడలో ఇంకొకటి. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఏం తీస్తారో చెప్పనిదే ఆవిడ అద్దాల బీరువా తెరవదు. పాస్‌పోర్టు ఫొటోలు అని అక్క బుద్ధిగా జవాబు చెప్పింది.

కెమెరా ఎంచుకోవడం తేలిగ్గానే తెమిలింది. ప్రొఫెషనల్స్ వాడే నల్లటి బరువైన కెమెరాని చేతికిస్తే అక్క దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు అందుకుంది. వేళ్ళు ఎక్కడ ఉండాలో అక్కడే బొత్తాలున్నాయి. షట్టర్ నొక్కితే తలుపు మెత్తగా మూసినట్టు చప్పుడు. అన్నిటికంటే ఆమెకి నచ్చింది కార్డులకి రెండు అరలుండటం. ఒక కార్డు మొరాయించినా రెండోదానిలో ఫొటో భద్రంగా ఉంటుంది. తనలాంటి పిరికి మనిషే ఎవరో కూర్చుని దీన్ని తయారు చేశారనిపించి, ఆ మనిషెవరో గాని చల్లగా ఉండాలనుకుంది.

చిక్కంతా లెన్సు దగ్గరే వచ్చింది. ఇది ఒట్టి శరీరం, చూపంతా లెన్సుది అంటూ షాపావిడ ముఖాలు తీసే లెన్సు బిగించి ఇచ్చింది. అక్క దాంట్లోంచి బల్లకి అటుపక్కనున్న తమ్ముణ్ణి చూసింది. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. వెనకున్న బీరువాలన్నీ పొగమంచులా కరిగిపోయాయి. పాస్‌పోర్టు ఫొటోలకి ఇంతకన్నా ఏం కావాలి అంది షాపావిడ. ఏమీ అక్కర్లేదు, నిజమే. అక్క తలూపింది గాని కెమెరా దించలేదు.

తమ్ముడి నోట్లో నువ్వుగింజ నానదు. పోస్టుడబ్బా కథంతా చెప్పేశాడు. చెప్పడమే కాదు, షాపు మధ్యలో పోస్టుడబ్బాలా నిలబడి చూపించాడు. షాపావిడ కళ్ళు తుడుచుకునేంత నవ్వి, ముఖాల లెన్సు తీసి లోపల పెట్టేసింది. పొడవాటివి మూడు చంకన పెట్టుకుని, వీధిలోకి పదండి అంది. మెట్లమీద నిలబడి, మీ మలుపు ఎంత దూరమని అడిగింది. అదిగో, ఆ మందుల షాపు దాకా ఉంటుందన్నాడు తమ్ముడు.

"అయితే మీరు ప్రయాణమై వెళ్ళండి. మీ అక్కగారు తీస్తారు."

తమ్ముడు లేని సంచి భుజానికెత్తుకుని వెళ్ళాడు. మందుల షాపు దగ్గర ఆగి, తిరిగి, చెయ్యి ఊపాడు. మొదటి లెన్సులో బొటనవేలంత కనిపించాడు. మనిషని తెలుస్తోంది, మనవాడని తెలియడం లేదు. పిలిస్తే తిరిగొచ్చాడు.

రెండో లెన్సు పొయ్యిగొట్టమంత ఉంది. దాన్ని ఎత్తి పట్టుకోవడమే ఒక కసరత్తు, పైగా దానికి జూమ్ లేదు, దగ్గరికీ దూరానికీ ఒకటే చూపు. తమ్ముడు మళ్ళీ వెళ్ళాడు. అక్క వ్యూఫైండర్‌కి కన్ను ఆనించి వెతుకుతోంది. ఒక కిటికీ, ఒక పావురం, ఎవరిదో గొడుగు. ఆమె వెతుకుతుండగానే అతను తిరిగి, నిలబడి, విసుగెత్తి, సగం దూరం వెనక్కి వచ్చేశాడు. చివరికి ఆమె నొక్కితే పడింది అతని చొక్కా గుండీ ఒకటి.

"గుండీ బాగా వచ్చిందక్కా. దీన్ని ఫ్రేము కట్టించు," అన్నాడు.

మూడోది జూమ్ లెన్సు. ముందు వెడల్పుగా చూసి మనిషిని పట్టుకుని, ఆ తర్వాత అతన్ని చూస్తూనే దగ్గరికి లాక్కోవచ్చు. చెయ్యి వణికినా బొమ్మని వణకనివ్వని ఏర్పాటు కూడా దానిలో ఉందని షాపావిడ చెప్పింది. తమ్ముడు మూడోసారి ప్రయాణమయ్యాడు. అక్క అతని వీపుని పట్టుకుంది, నెమ్మదిగా దగ్గరికి తెచ్చుకుంది. మందుల షాపు వచ్చింది. అతను ఆగలేదు. వెనక్కి చూడకుండా మూల తిరిగి వెళ్ళిపోయాడు.

లెన్సులో ఖాళీ మూల మిగిలింది. సైకిలొకటి పోయింది. ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటూ పోయారు. ఇది ఆటని అక్కకి తెలుసు. కాళ్ళకి మాత్రం తెలియలేదు, అవి ఒక మెట్టు దిగేశాయి.

అప్పుడు గోడ చాటునుంచి ఒక చెవి బయటికొచ్చింది. తర్వాత ఒక కన్ను, తర్వాత సగం మీసం. ఎప్పుడో నూనె చింది మిగిలిన చిన్న మచ్చ చెంపమీద తెల్లగా కనిపించింది. దవడ ఆడుతోంది. వెధవ, వేరుశనగలు కొనుక్కుని నములుతున్నాడు.

అతను తిరిగొచ్చేదాకా ఆగి, పొట్లం లాక్కుని, మెట్లమీదే కడిగేసింది. అరవై ఏళ్ళ మనిషిని పట్టుకుని గుండె ఆపుతావా అంది, ఇంట్లో నీకు కూడు లేదంది. తిడుతూ తిడుతూ మధ్యలో నవ్వొచ్చి, తిట్టు సగంలో ఆగిపోయింది.

"తిరిగొచ్చాను కదే," అన్నాడు తమ్ముడు. "మూడుసార్లు వెళ్ళాను, మూడుసార్లూ వచ్చాను. ఇంకా ఏం కావాలి నీకు?"

"ఈ లెన్సు కావాలి," అంది అక్క.

పాత కెమెరాని మార్పిడి కింద ఇచ్చేస్తేగాని లెక్క కుదరదు, కుదిరినా ఒక్క లెన్సే వస్తుంది. ఇంత పొడుగు లెన్సుతో చిన్నగదిలో పాస్‌పోర్టు ఫొటోలు ఎలా తీస్తారని షాపావిడ అడిగింది. వెనక్కి జరుగుతాను అంది అక్క. గోడ అడ్డొస్తే? వంటింట్లోకి జరుగుతాను అంది.

అన్నట్టే చేసింది. మర్నాడు ఒక బస్సు కండక్టరు ఫొటోకి వచ్చాడు. అతను ముందుగదిలో తెల్ల దుప్పటి ముందు స్టూలు మీద కూర్చున్నాడు. అక్క రెండు గుమ్మాల అవతల, వంటింట్లో, పొయ్యికి వీపు కాలేటంత దగ్గరగా నిలబడి గురిపెట్టింది. మధ్యలో తమ్ముడు గరిటెతో వార్తాహరుడు.

"గడ్డం కొంచెం కిందికట. చెవులు రెండూ కనపడాలట. పళ్ళు కనపడకూడదట."

తన ముఖం అంత దూరం నుంచి చూడవలసినంత భయంకరంగా ఉందా అని కండక్టరు అడిగాడు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదేనండీ, భరించాలి, అన్నాడు తమ్ముడు. ఫొటో చేతికొచ్చాక కండక్టరు దాన్ని వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. గుండు గీయించుకున్నప్పటి గాటు దగ్గర్నుంచి అన్నీ పడ్డాయి.

"ఇంత నేనుగా ఉండక్కర్లేదండీ," అన్నాడు మర్యాదగా.

అతను మెట్లు దిగేదాకా అక్కాతమ్ముళ్ళు నోళ్ళు నొక్కుకుని, ఆ తర్వాత వంటింట్లో గోడకి జారబడి పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. పొయ్యిమీద కూర మాడింది. అంత పేరున్న వంటవాడి చేతిలో కూర మాడటం అదే మొదలు. మాడిన కూరే ఇద్దరూ ఇష్టంగా తిన్నారు.

ప్రయాణం రోజు అక్క చెయ్యి వణకలేదు. బహుశా చెయ్యడానికి పని ఉండటం వల్ల. బ్యాటరీ చూసుకుంది, రెండు కార్డులూ చూసుకుంది, మళ్ళీ చూసుకుంది. కదిలే మనిషిని కదలనట్టు పట్టడానికి షట్టర్ వేగం పెంచుకుంది, వరసగా ఫొటోలు పడేలా బొత్తాం తిప్పుకుంది. తమ్ముడు కత్తుల చుట్టని సంచిలో పైకి తీసి పెట్టుకున్నాడు. ఆమె చూసి, ఈసారికి ఊరుకుంది.

"వెళ్ళొస్తానక్కా."

"దాని దగ్గర ఆగు. మరిచిపోకు."

"దేని దగ్గర? మీ వాడి దగ్గరేనా?"

అతను మెట్లు దిగాడు. ఆమె కిటికీ గట్టుమీద మోచేతులు ఆనించి, వెడల్పుగా చూసి, వీపుని పట్టుకుంది. పొద్దుటి ఎండ వీధికి ఒక పక్కనే పడింది. అతను ఎండలోనే నడిచాడు, ముఖం మీద వెలుతురు ఉండాలని అక్క రాత్రి చెప్పింది మరి. రొట్టెల దుకాణం దాటాడు. చెప్పులు కుట్టే అతన్ని పలకరించి దాటాడు. పోస్టుడబ్బా దగ్గర ఆగాడు. సంచి కింద పెట్టాడు. తిరిగాడు.

రెండు చేతులూ పక్కలకి అతికించుకున్నాడు. గడ్డం కొంచెం కిందికి దించాడు. చెవులమీది జుట్టుని ఒకసారి ఇటు, ఒకసారి అటు వెనక్కి తోసుకున్నాడు. పెదవులు బిగించి, రెప్ప కొట్టకుండా, పాస్‌పోర్టు ఆఫీసువాళ్ళు చూస్తే ముద్దుపెట్టుకునేంత పద్ధతిగా నిలబడ్డాడు.

అక్కకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక భుజాలు ఊగిపోయాయి. కెమెరా నుదుటికి తగిలింది. వేలు మాత్రం బొత్తాం మీదనుంచి తీయలేదు. అంత దూరం నుంచి అతనికి కిటికీలో ఆమె ముఖం కనిపించే వీలు లేదు. అయినా అక్క నవ్వు మొదలుపెట్టిందని ఎలా తెలిసిందో, సరిగ్గా అప్పుడే అతని బిగించిన పెదవులు విడిపోయాయి. పళ్ళన్నీ బయటపడ్డాయి. కళ్ళు మూసుకుపోయాయి. నవ్వు ఆపుకోవడానికి ఆసరా కావాలన్నట్టు పోస్టుడబ్బా భుజంమీద చెయ్యి వేశాడు.

ఏడవడం కాదు, విసుక్కోవడం కాదు. వాడు వెళ్ళేటప్పుడు ముఖం ఇలా ఉంటుంది.

తర్వాత సంచి ఎత్తుకుని మలుపు తిరిగాడు. ఆమె లెన్సుని కాసేపు ఆ మూలమీదే ఉంచింది, గోడ చాటునుంచి చెవి ఏమైనా వస్తుందేమోనని. ఈసారి రాలేదు. బస్సుకి వేళయి ఉంటుంది.

ఆ సాయంత్రమే ఆమె ఫొటో అచ్చు తీయించి పాత ఫ్రేములో పెట్టింది. పళ్ళు కనిపిస్తున్న ఫొటోని ఆ గోడకి తగిలించడం అదే మొదటిసారి. ఏది పోస్టుడబ్బానో, ఎవరు తమ్ముడో ఇప్పుడు చంటిపిల్లలైనా చెప్పగలరు. కండక్టరు తన స్నేహితుణ్ణి ఫొటోకి వెంటబెట్టుకొచ్చినప్పుడు, గోడమీది ఫొటో చూసి, ఎవరో గాని ఆయన నవ్వు భలే ఉందండీ అన్నాడు. ఈ ఫొటోలో కూడా అతను అంత అతనిగా ఉండక్కర్లేదంటారా అని అక్క అడిగింది. లేదండీ, ఈయన ఉండొచ్చు అన్నాడు కండక్టరు.

తమ్ముడు వెళ్ళింది అక్టోబరు మొదటి గురువారం. ఓడ మే నెలలో తిరిగి వచ్చింది. తమ్ముడు రాలేదు. అతని సంచి ఒక్కటే వచ్చింది, కత్తులు పైనే ఉన్నాయి.